2 ఎంఎల్‌డీ సెటిలింగ్ ట్యాంకు: లోతు పెంచాలా, వైశాల్యం పెంచాలా?

#1 హసన్‌పర్తి_సివిల్

అందరికీ నమస్తే. కాకతీయ కాలువ నుంచి నీళ్లు తీసుకుని చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చే ప్లాంటు ఒకటి, 2 ఎంఎల్‌డీ (రోజుకు 20 లక్షల లీటర్లు), అంటే 2000 ఘనపు మీటర్లు. కాలువ విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి ముందు నిల్వ కుంట ఉంటుంది, అక్కడి నుంచి పంపింగు. స్థలం ఇరుకు. నీళ్లు తేరే సెటిలింగ్ ట్యాంకు 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు అనుకున్నాం. 240 ఘ.మీ. వస్తుంది, గంటకు 83 ఘ.మీ. లెక్కన దాదాపు 2.9 గంటల నిలుపుదల (నీళ్లు ట్యాంకులో ఉండే సమయం). పుస్తకాల్లో రెండు రెండున్నర గంటలు చాలన్నారు కదా. ఇందులో తప్పుంటే చెప్పండి.

#2 మానేరు_తీరం

పంపు రోజుకు ఎన్ని గంటలు నడుస్తది? 24 తోని భాగించినట్టున్నవ్.

#3 హసన్‌పర్తి_సివిల్

20 గంటలు అన్నా. మిగతా నాలుగు గంటలు కరెంటు కోతకు, ఫిల్టర్ల కడుగుడుకు వదిలేశాం.

#4 నీటిలెక్క

అయితే గంటకు 83 కాదు, 100 ఘ.మీ. డిజైన్ మొత్తం ఆ అంకె మీదే నడవాలి. నిలుపుదల 2.4 గంటలకు తగ్గింది. పుస్తకం ప్రకారం అదీ సరిపోయినట్టే కనిపిస్తుంది. ఇబ్బంది వేరే చోట ఉంది.

మీ ట్యాంకు ఉపరితలం 40 చ.మీ. గంటకు 100 ఘ.మీ. దాని మీదుగా పోతే ఉపరితల భారం రోజుకు చ.మీ.కు 60 ఘ.మీ. అంటే రోజుకు 60 మీటర్ల వేగంతో కిందికి దిగే రేణువు మాత్రమే పూర్తిగా చిక్కుతుంది. పటిక వేసినప్పుడు మట్టి కలిసి కట్టే ఉండలకు, అంటే ఫ్లాక్‌కు, రోజుకు 30 మీటర్లు అనుకోవడం క్షేమం. అది గంటకు 1.25 మీటర్లు. 2.4 గంటల్లో 3 మీటర్లు దిగుతుంది. మీ లోతు 6. పై సగంలో లోపలికి వచ్చిన ఫ్లాక్ అడుగు చేరకముందే బయటికి పోతుంది, కింది సగంలో వచ్చింది మాత్రమే చిక్కుతుంది.

ఇప్పుడు అదే ట్యాంకును 3 మీటర్ల లోతుతో కట్టారనుకోండి. నిలుపుదల 1.2 గంటలు, ఫ్లాక్ దిగేది 1.5 మీటర్లు. మళ్లీ సగమే. లోతు రెట్టింపు చేసినా, సగం చేసినా చిక్కేది అంతే. అమెరికా ఇంజనీరు ఆలెన్ హేజెన్ 1904లోనే ఈ సంగతి లెక్క కట్టి చూపించాడు. మంచి లోతు వల్ల బురదకు చోటు దొరుకుతుంది, అడుగు బురద మళ్లీ లేవకుండా ఉంటుంది, అంతవరకే. తేర్చే పని చేసేది వైశాల్యం.

చ.మీ.కు రోజుకు 30 ఘ.మీ. పెట్టుకుంటే మీకు 80 చ.మీ. కావాలి. ఒకటే ట్యాంకు వద్దు, రెండు కట్టండి. ఒకటి కడుగుతున్నప్పుడు రెండోది సగం ప్రవాహంతో నడుస్తుంది. ఒక్కొక్కటి 3.2 మీటర్లు × 12.8 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు. పొడవు వెడల్పుకు నాలుగింతలు. మధ్య గోడ ఉమ్మడి కాబట్టి స్థలమూ, కాంక్రీటూ కలిసివస్తాయి.

ఈ కొలతలతో ఒక్కో ట్యాంకు 41 చ.మీ., భారం 29.3, నిలుపుదల 2.46 గంటలు. అడ్డంగా పోయే వేగం నిమిషానికి 9 సెం.మీ. లోపే. 30 సెం.మీ. దాటితే అడుగు బురద కదులుతుంది. మీకు చాలా వెసులుబాటు ఉంది.

#5 పటిక_డోసు

నీటిలెక్క గారి లెక్క నూటికి నూరు పాళ్లు సరైనదే. కాని ఆ 30 మీటర్ల వేగం ఫ్లాక్ బాగా కట్టినప్పటి మాట. ఆ ఫ్లాక్ సంగతి చూడకుండా ట్యాంకు ఒక్కదాన్నే గీసుకుంటూ పోతే లాభం లేదు.

మీకు వచ్చే నీళ్లు ఎలాంటివో చూడండి. కాకతీయ కాలువ నీళ్లు కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయంలో ఆగి వస్తాయి. ఇసుక, ముతక ఒండ్రు అక్కడే కూర్చుంటాయి. దాని మీద మీ నిల్వ కుంట ఇంకొకటి. ప్లాంటు దాకా వచ్చేది సన్న బంకమట్టి. 0.02 మి.మీ. ఒండ్రు రేణువు 25 డిగ్రీల నీటిలో రోజుకు 35 మీటర్లు దిగుతుంది. 0.002 మి.మీ. మట్టి రేణువు రోజుకు 35 సెం.మీ. మాత్రమే. మీ 3 మీటర్లు దిగడానికి ఎనిమిదిన్నర రోజులు పడుతుంది. అంతకంటే సన్నవి అసలు దిగవు. కాబట్టి పటిక లేకుండా ఈ ట్యాంకు దాదాపు ఏ పనీ చేయదు. వర్షాకాలంలో గోదావరిలోంచి నేరుగా ఎత్తిపోసే నీళ్లయితే కథ వేరు. అక్కడ ముతక ఒండ్రు కోసం ముందు పటిక వేయని మామూలు తేర్పు ట్యాంకు పెట్టాలి.

వరస ఇలా ఉండాలి. పటిక కలిసే చోట 30 నుంచి 60 సెకన్లు గట్టిగా కలపడం. తర్వాత 30 నిమిషాలు మెల్లగా కలిపే ఫ్లాక్యులేటర్, అంటే 50 ఘ.మీ. తొట్టి. కలిపే జోరు జీ విలువల్లో మొదట 60, చివరికి 20 దాకా దిగాలి. సగటు 40 అనుకుంటే మోటారు నీటికి ఇవ్వాల్సిన శక్తి 72 వాట్లే. మోటారు లేకుండా అడ్డుగోడల మధ్య మెలికలు తిప్పినా సరిపోతుంది, దానికి 26 సెం.మీ. నీటిమట్టం తేడా చాలు. మీలాంటి చిన్న ప్లాంటుకు నేనైతే అడ్డుగోడలే చెప్తాను. పాడయ్యే భాగం ఏదీ ఉండదు.

ఫ్లాక్యులేటర్ నుంచి ట్యాంకుకు పైపు వీలైనంత పొట్టిగా పెట్టండి. నీళ్లు పైనుంచి కిందికి దూకకూడదు, ఇరుకు వాల్వు లోంచి పోకూడదు. అరగంట కట్టిన ఫ్లాక్ అక్కడ అర సెకనులో చిన్నాభిన్నం అవుతుంది. మళ్లీ అంత గట్టిగా కట్టదు.

#6 హసన్‌పర్తి_సివిల్

మస్తు సంగతులు చెప్పిండ్రు. పటిక ఎంత పడుతుందో ముందే ఎట్లా అంచనా వేయాలి? 30 అనే భారం మా నీళ్లకు సరిపోతుందో లేదో ట్యాంకు కట్టకముందే తెలుసుకునే దారి ఉందా?

#7 పటిక_డోసు

రెండింటికీ జార్ టెస్టే. ఆరు జార్లలో లీటరుకు 10, 20, 30, 40, 50, 60 మి.గ్రా. పటిక. నిమిషం పాటు 100 ఆర్‌పీఎం, తర్వాత 20 నిమిషాలు 25 ఆర్‌పీఎం, ఆపాక తేరనివ్వాలి. అందరూ అరగంట ఆగి పైనీళ్లు చూస్తారు. డోసు ఎంచడానికి అది చాలు, ట్యాంకు డిజైనుకు చాలదు.

డిజైనుకు చేయాల్సింది ఇది. రెండు లీటర్ల చదరపు జారు తీసుకోండి, నీటిమట్టానికి 10 సెం.మీ. కింద కొళాయి ఉండేది. తిప్పడం ఆపిన సరిగ్గా 5 నిమిషాలకు ఆ కొళాయి నుంచి నమూనా పట్టండి. 5 నిమిషాల్లో 10 సెం.మీ. అంటే రోజుకు 28.8 మీటర్లు, ఇంచుమించు మీ ట్యాంకు భారం. ఆ నమూనాలో ఎంత టర్బిడిటీ (మడ్డితనం, ఎన్‌టీయూల్లో కొలుస్తారు) ఉందో మీ ట్యాంకు మహా బాగా పనిచేస్తే అంత ఇస్తుంది. అసలు ట్యాంకు జారంత నిశ్చలంగా ఉండదు కాబట్టి మూడున్నర నిమిషాలకు ఇంకో నమూనా పట్టండి. అది రోజుకు 41 మీటర్లకు సమానం. అది కూడా 10 ఎన్‌టీయూ లోపు ఉంటే 29 భారంతో ధైర్యంగా కట్టొచ్చు. ఫిల్టరుకు పోయే నీళ్లు 10 లోపు ఉంటేనే ఫిల్టరు నిండు రోజు నడుస్తుంది, తాగే నీటికి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం చెప్పిన 1 ఎన్‌టీయూ దక్కుతుంది.

ఈ పరీక్ష ఎండాకాలం తేటనీళ్లతో ఒకసారి చేసి ఊరుకోవద్దు. తొలి వానల నీళ్లతో, ఆగస్టు నీళ్లతో, డిసెంబరు చలిలో కూడా చేయాలి. నీళ్లు 30 డిగ్రీల నుంచి 20కి చల్లబడితే చిక్కదనం నాలుగో వంతు పెరుగుతుంది, ఆ మేరకు ఫ్లాక్ నెమ్మదిగా దిగుతుంది.

లీటరుకు 40 మి.గ్రా. అనుకుంటే రోజుకు 80 కిలోల పటిక. 5 శాతం ద్రావణం అయితే 1600 లీటర్లు, గంటకు 80 లీటర్లు. అంత పటిక నీటిలోని క్షారతను లీటరుకు 20 మి.గ్రా. తినేస్తుంది. క్షారత చాలకపోతే పీహెచ్ పడిపోయి ఫ్లాక్ కట్టదు, అల్యూమినియం నీటిలోనే మిగిలిపోతుంది. అప్పుడు పటిక పెంచేకొద్దీ ఇంకా చెడుతుంది, సున్నం ఇవ్వాలి.

#8 చెరువుగట్టు

మా నానమ్మల కాలంల బిందె లోపల చిల్లగింజ అరగదీసి బురదనీళ్లు తేర్చేటోళ్లు. పటిక బదులు అది పెద్ద ప్లాంటుకు పనికొస్తదా?

#9 పటిక_డోసు

బిందెకు పనికొస్తుంది, సూత్రం కూడా మంచిదే. ప్లాంటుకు మాత్రం వద్దు. గింజలోని సేంద్రియ పదార్థం నీటిలో మిగులుతుంది, క్లోరిన్‌ను తినేస్తుంది, నిల్వ ఉంచితే నీళ్లు వాసన పడతాయి.

#10 నీటిలెక్క

ఇప్పుడు లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి. వైశాల్యం సరిగ్గా ఉండి కూడా ఫ్లాక్ పొర్లిపోయే ట్యాంకుల్లో చాలా వాటికి జబ్బు ఈ రెండు చోట్లే.

లోపలికి వచ్చే చోట, గోడకు 80 సెం.మీ. దూరంలో రంధ్రాల అడ్డుగోడ కట్టండి. రంధ్రంలో వేగం సెకనుకు 20 సెం.మీ. ఉండాలి. ఒక్కో ట్యాంకుకు 50 ఘ.మీ. అంటే మొత్తం రంధ్రాల వైశాల్యం 0.07 చ.మీ. 75 మి.మీ. రంధ్రాలు 16, నాలుగు వరసల్లో నాలుగేసి. రంధ్రాలు పెద్దవి చేస్తే వేగం తగ్గి, పైపు ఎదురుగా ఉన్న రంధ్రం నుంచే నీళ్లన్నీ పోతాయి. చిన్నవి చేస్తే ఫ్లాక్ విరుగుతుంది. గోడకు అటూ ఇటూ నీటిమట్టంలో 5, 6 మి.మీ. తేడా వస్తే పంపకం కుదిరినట్టు. అడుగు వరస నేలకు కనీసం 60 సెం.మీ. పైన ఉండాలి, లేకపోతే బురదను చిమ్ముతుంది.

నీళ్లు పొర్లి బయటికి పోయే అంచు, అంటే వియర్ దగ్గర మీటరు పొడవుకు రోజుకు 300 ఘ.మీ. మించొద్దు. మీ ట్యాంకు చివర గోడ మీద వియర్ పెడితే పొడవు 3.2 మీటర్లే, భారం 375. చాలదు. గోడకు కాస్త ఇవతల అడ్డంగా ఒక లాండర్ (తేటనీళ్లు పోగుచేసే తొట్టి కాలువ) వేసి రెండు అంచుల మీదుగా నీళ్లు తీసుకోండి. 6.4 మీటర్లు వస్తుంది, భారం 188.

అంచు సాఫీగా వదలొద్దు, వీ ఆకారపు గాట్లున్న ప్లేటు (వీ-నాచ్) బిగించండి. ఎందుకో లెక్కలో చూడండి. సాఫీ అంచు మీద పొర్లే నీటి మందం 1.1 సెం.మీ. మాత్రమే. కాంక్రీటు అంచు ఈ కొసకూ ఆ కొసకూ 1 సెం.మీ. తేడాతో ఉందంటే పల్లంగా ఉన్న కొసన నాలుగింతలు ఎక్కువ నీళ్లు పోతాయి. 20 సెం.మీ.కు ఒకటి చొప్పున 32 వీ-నాచ్‌లు, 90 డిగ్రీల కోణం, పెడితే ఒక్కోదాంట్లో నీటి ఎత్తు 4 సెం.మీ. వస్తుంది. అదే 1 సెం.మీ. వంపుకు తేడా రెండింతల లోపే ఉంటుంది. ఆ ప్లేటుకు బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా నిలువుగా సాగదీసి కొట్టించండి. ట్యాంకు నింపి, నిలకడ నీటిమట్టం చూసుకుంటూ ప్లేటు పైకీ కిందికీ జరిపి బిగించవచ్చు. గొట్టం లెవెల్ కంటే ఆ నీళ్లే మంచి లెవెల్.

#11 మానేరు_తీరం

స్థలం తక్కువన్నడు కదా, ట్యూబ్ సెటిలర్, అంటే వంపుగా పెట్టే సన్న గొట్టాల గుత్తి, ఎందుకు చెప్తలేరు? 20 చ.మీ.లో అయిపోతది పని. గుండ్రటి తేర్పు ట్యాంకు (క్లారిఫైయర్) అయినా 10 మీటర్ల వ్యాసంతో వస్తది, బురద దానంతటదే గీకబడతది.

#12 నీటిలెక్క

ట్యూబ్ లెక్క నిజంగా బాగుంటుంది. 20 చ.మీ. మీద గంటకు 100 ఘ.మీ. అంటే పైకి వచ్చే వేగం గంటకు 5 మీటర్లు. 5 సెం.మీ. చదరపు గొట్టాలు, మీటరు పొడవు, 60 డిగ్రీల వంపు. వాటిలో ఫ్లాక్ గంటకు 0.73 మీటర్లు దిగితే చాలు చిక్కుతుంది. రోజుకు 17.5 మీటర్లన్నమాట, మామూలు ట్యాంకు కంటే నయం.

కాని ఆచరణలో వచ్చే చిక్కులు చూడండి. మన ఎండకు గొట్టాల పై అంచుల మీద నాచు పడుతుంది, వారానికోసారి నీటిమట్టం దించి కడగాలి. ఆ దించడం మెల్లగా చేయాలి. బురద పట్టిన గొట్టాల మాడ్యూళ్ల కింద నుంచి నీళ్లు ఒక్కసారిగా తీసేస్తే ఆ బరువుకు అవి వంగి కూలిపోతాయి. వానాకాలం నీళ్లకు కింద బురద తీయడం ఒక పూట మానేస్తే గొట్టాల మూతుల దాకా లేస్తుంది. షిఫ్టుకు ఒక్క ఆపరేటరు ఉండే ఊరి ప్లాంటుకు నేను దీర్ఘచతురస్రం ట్యాంకే మంచిదంటాను. గోడలకు మాత్రం ఇప్పుడే లోపల అంచులు పోసి ఉంచండి. రేపు డిమాండు పెరిగితే అదే ట్యాంకులో ట్యూబులు దించుకోవచ్చు.

గుండ్రటిది పెద్ద ప్లాంట్లకు సరే. 2 ఎంఎల్‌డీకి తిరిగే బ్రిడ్జి, గేరుబాక్సు, వాటి మరమ్మతు అనవసరపు భారం.

#13 మానేరు_తీరం

అంచులు పోసి ఉంచుడు మంచి మాట. ట్యూబుల మీద నీళ్లు లాండరుకు చేరే ముందు అర మీటరన్న ఖాళీ కావాలె, ఆ ఎత్తు కూడా ఇప్పుడే చూసుకో తమ్మీ.

#14 బురద_వాల్వు

బురద గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు. కట్టిన తర్వాత ఆపరేటరుకు రోజూ ఉండే పని అదే.

వానాకాలంలో లీటరుకు 200 మి.గ్రా. మట్టి, 40 మి.గ్రా. పటిక అనుకుందాం. పటిక నుంచి వచ్చే ఘనపదార్థం దానిలో 0.44 వంతు. మొత్తం 218 మి.గ్రా., రోజుకు 436 కిలోలు. బురద 1 శాతం చిక్కదనంతో వస్తుందనుకుంటే రోజుకు దాదాపు 44 ఘ.మీ. తీయాలి. మీ నీటిలో రెండు శాతం పైనే.

బురదలో ఎక్కువ భాగం మొదటి మూడో వంతు పొడవులోనే పడుతుంది కాబట్టి హాపర్లు (బురద దిగే గరాటు గుంతలు) నీళ్లు లోపలికి వచ్చే వైపు పెట్టాలి. 3.2 మీటర్ల ఒకటే హాపరు 60 డిగ్రీల గోడలతో కడితే అడుగు 40 సెం.మీ. చదరానికి దిగేసరికి 2.4 మీటర్ల లోతు తవ్వాలి. దాన్నే 1.6 మీటర్ల హాపర్లు నాలుగుగా విడగొట్టండి, ఒక్కోటి 1.04 మీటర్ల లోతుతో సరిపోతుంది. ఒక్కోటి 1.16 ఘ.మీ. పడుతుంది, రెండు ట్యాంకుల ఎనిమిదీ కలిపి 9.3 ఘ.మీ. అంటే వానాకాలంలో ఇంచుమించు నాలుగు గంటలకోసారి తీయాలి.

ప్రతి హాపరుకూ వేరే పైపు, వేరే వాల్వు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. రెండింటిని ఒకే వాల్వుకు కలిపితే ముందు ఖాళీ అయిన దాంట్లోంచి నీళ్లే వస్తుంటాయి, రెండోదాంట్లో బురద గడ్డకడుతుంది. పైపు 200 మి.మీ.కు తగ్గొద్దు, వంపులు ఉన్నచోట గట్టి కడ్డీ దూర్చడానికి మూత ఉండాలి.

వాల్వు తెరవడంలోనూ పద్ధతుంది. కొంచెం తెరిచి గంటసేపు వదిలితే బురద మధ్యలో బొరియ పడి పైనున్న తేటనీళ్లు దిగిపోతాయి, చుట్టూ బురద అలాగే ఉంటుంది. పూర్తిగా తెరిచి, బురద రంగు పలచబడగానే మూసేయాలి. పది నిమిషాలాగి మళ్లీ తెరిస్తే జారిన బురద వస్తుంది. బయట పడేచోట కంటికి కనిపించేలా తెరిచిన గుంత కట్టండి. కనబడకుండా పైపు నేరుగా డ్రెయిన్‌లో కలిపితే ఎప్పుడు మూయాలో ఆపరేటరుకు ఎలా తెలుస్తుంది?

హాపర్లు పోగా మిగిలిన 9.6 మీటర్ల నేలకు పదికి ఒకటి వాలు. ఆ బురద తనంతట జారదు, ట్యాంకు ఖాళీ చేసినప్పుడు పైపుతో కొట్టి కడగాలి. ఎండాకాలంలో రెండు నెలలు వదిలేస్తే కుళ్లి బుడగలు లేచి పెళ్లలు పెళ్లలుగా పైకి తేలుతుంది.

#15 చెరువుగట్టు

ఉన్న ప్లాంట్లల్ల పొద్దున నీళ్లు మంచిగుంటయి, మధ్యాహ్నం రెండు దాటంగనే ఫ్లాక్ పైకి లేస్తది. డోసు మారలే, నీళ్లు మారలే. ఎందుకట్లా?

#16 నీటిలెక్క

ఎండ. నిల్వ కుంట పైపొర వేడెక్కి, ఆ వెచ్చటి నీళ్లు ట్యాంకులోకి వస్తే, అక్కడ ఉన్న చల్లటి నీళ్ల మీదుగా జారి నేరుగా వియర్ చేరతాయి. ట్యాంకులో రెండున్నర గంటలు ఉండాల్సిన నీళ్లు అరగంటలో బయటపడతాయి. కుంట నుంచి నీళ్లు పైపొరలో కాకుండా మధ్య లోతు నుంచి తీస్తే చాలావరకు తగ్గుతుంది. నాచు ఉంటే అది వేరే కారణం. పగలు అది వదిలే ఆక్సిజన్ బుడగలు ఫ్లాక్‌కు అంటుకుని పైకి లేపుతాయి. వరంగల్ దగ్గరి వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల్లాంటి నిల్వ నీళ్లు వాడే ఎవరైనా వేసవిలో ఈ రెండూ చూసుకోవాలి.

ఏది కారణమో తేల్చడానికి ఉప్పు పరీక్ష చేయండి. లోపలికి వచ్చే చోట ఉప్పు ద్రావణం ఒక్కసారిగా పోసి, వియర్ దగ్గర ఐదు నిమిషాలకోసారి కండక్టివిటీ (ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత) చూడండి. పోసిన ఉప్పులో పదో వంతు బయటికి రావడానికి పట్టిన సమయాన్ని లెక్క ప్రకారం ఉండాల్సిన నిలుపుదలతో భాగించండి. 0.5 పైన వస్తే పర్వాలేదు. 0.3 వస్తే అడ్డుగోడ సరిగా పనిచేయడం లేదు. ఉప్పు బాగా పలచగా కలపాలి. చిక్కటి ఉప్పునీళ్లు బరువుకు అడుగుకు జారిపోయి తప్పుడు లెక్క ఇస్తాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేస్తే తేడా కళ్లకు కడుతుంది.

#17 హసన్‌పర్తి_సివిల్

డ్రాయింగు మార్చాం. రెండు ట్యాంకులు 3.2 × 12.8, మధ్య గోడ ఉమ్మడి, ఒక్కోదానికి నాలుగు హాపర్లు, రెండు అంచుల లాండర్, ట్యూబులకు అంచులు. ట్యూబుల మీద అర మీటరు ఖాళీ సంగతి కూడా చేర్చాం. ట్యాంకు రెండు మీటర్లు భూమిలోకి పోతుంది. నేల నల్లరేగడి.

#18 మానేరు_తీరం

రెండు మీటర్లు భూమిలకంటే నేలనీళ్లు ట్యాంకును కిందికెల్లి పైకి నెట్టే ఒత్తిడి చూసినవా? వానకాలం నేలనీళ్లు పైదాకా వస్తే అడుగు మీద చ.మీ.కు 2 టన్నుల ఒత్తిడి. 30 సెం.మీ. స్లాబు బరువు 0.75 టన్నే. ట్యాంకు నిండి ఉన్నప్పుడు ఫికరు లేదు. కడుగుదామని ఖాళీ చేసిన రోజు లేస్తది, లేదంటే నేల పగుల్తది. గోడల బరువు కలిపి చూడు. ఇంకా చాలకపోతే స్లాబును గోడల బయటికి పొడిగించి దాని మీద మట్టి వెయ్. ఆ మట్టి నల్లరేగడి కావద్దు, మొరం వెయ్. రేగడి ఎండకు పగులుబాసి, వానకు ఉబ్బి గోడను నెడ్తది. నీళ్ల ట్యాంకుల కాంక్రీటుకు ఉన్న ఐఎస్ 3370 ప్రమాణం ప్రకారం నీళ్లు నింపి లీకేజీ పరీక్ష అయినంకనే బయట మట్టి నింపాలె, ముందు నింపితే ఎక్కడ కారుతుందో కనబడదు.

#19 బురద_వాల్వు

ఒక్క మాట చేర్చండి. ఆ 44 ఘ.మీ. బురదను తిరిగి కాలువలోకో, చెరువులోకో వదిలేలా డ్రాయింగులో చూపించొద్దు. అడుగున ఇసుక, కంకర, చిల్లుల పైపు వేసి ఆరబెట్టే మడులు కట్టండి, ఒకటి నింపుతుంటే ఇంకోటి ఆరుతుండేలా కనీసం నాలుగు. ఎండాకాలంలో ఆరడం తొందరగానే అవుతుంది, వానల్లో ఆరదు, కాబట్టి వానాకాలం కోసం బురద నిల్వ గుంత ఒకటి వేరేగా ఉండాలి. మడుల కింద దిగే నీళ్లు తేటగా ఉంటే మళ్లీ నిల్వ కుంటకు పంపుకోవచ్చు.